గుంటూరు నుంచి డల్లాస్‌కి: నా 37 గంటల లెక్క

మా అమ్మాయి పురిటికి డల్లాస్ వెళ్తున్నానని తెలిసిన రోజు నుంచి అరండల్‌పేటలో మా వీధివాళ్ళంతా నన్ను రెండే రెండు ప్రశ్నలు అడిగారు. ఎంత దూరం? ఎంతసేపు ప్రయాణం? కూరగాయల బండి దగ్గర ఒకరు, గుళ్ళో ఒకరు, పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి కూడా. నేను 31 ఏళ్ళు హైస్కూళ్ళలో సోషల్ చెప్పాను. అక్షాంశాలు, రేఖాంశాలు, అంతర్జాతీయ దినరేఖ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కే లేదు. అయినా వాళ్ళకి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. వెళ్ళొచ్చాక ఇప్పుడు చెప్పగలను. నాలాగా మొదటిసారి ఒంటరిగా బయల్దేరే అమ్మలకి, అత్తలకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు టికెట్ సంగతి. అమ్మాయి వాట్సాప్‌లో పంపిన టికెట్‌ని మా వారు ప్రింటు తీయించుకొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"18 రాత్రి 9:50కి శంషాబాద్‌లో ఎక్కుతావు. 19 పొద్దున 9 గంటలకి డల్లాస్‌లో దిగుతావు. అంటే పదకొండు గంటల చిల్లరేగా! ఇంత దానికి నువ్వెందుకు భయపడుతున్నావు?" అన్నారు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. టికెట్ మీద వేసే టైము ఏ ఊరిది ఆ ఊరిదే. బయల్దేరే టైము మనది, దిగే టైము వాళ్ళది. చలికాలంలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ పొద్దున 9 అయితే గుంటూరులో రాత్రి 8:30. అంటే 18 రాత్రి 9:50 నుంచి 19 రాత్రి 8:30 దాకా, మొత్తం 22 గంటల 40 నిమిషాలు. అందులో హైదరాబాద్ నుంచి దుబాయ్ 3 గంటల 55 నిమిషాలు, దుబాయ్‌లో ఆగేది 2 గంటల 25 నిమిషాలు, అక్కణ్ణుంచి డల్లాస్ 16 గంటల 20 నిమిషాలు. కాగితం వెనక ఇదంతా రాసి చూపిస్తే మా వారు కాసేపు మాట్లాడలేదు. "పదహారు గంటలు ఒకే సీట్లోనా?" అన్నారు చివరికి.

ఈ పదకొండున్నర గంటల తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పినట్టు చెప్తాను. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. మన దేశపు గడియారాలన్నీ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. ఆ గీత మన కాకినాడ దగ్గర నుంచే వెళ్తుంది. డల్లాస్ గడియారాలకి 90 డిగ్రీల పడమటి రేఖాంశం ఆధారం. రెండూ కలిపితే 172½ డిగ్రీలు. నాలుగుతో గుణిస్తే 690 నిమిషాలు, అంటే సరిగ్గా పదకొండున్నర గంటలు. మార్చి రెండో ఆదివారం వాళ్ళు గడియారాలు గంట ముందుకి తిప్పుకుంటారు. అప్పటినుంచి నవంబరు దాకా తేడా పదిన్నరే. నేను వెళ్ళింది జనవరిలో కాబట్టి పదకొండున్నర.

ఇక దూరం. రిటైరైన రోజు పిల్లలిచ్చిన గ్లోబు మా ఇంట్లో టీవీ పక్కన ఉంటుంది. ఒక సాయంత్రం పూలు కట్టే దారం తీసుకుని ఒక కొస గుంటూరు మీద బొటనవేలితో నొక్కిపట్టి, రెండో కొస డల్లాస్ మీదికి లాగాను. గోడకి వేలాడే పటంలో చూసి మనమంతా ఏమనుకుంటాం? అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం దాటి అడ్డంగా పడమటికి వెళ్ళాలనుకుంటాం. దారాన్ని అలా అడ్డంగా పట్టి కొలిస్తే దాదాపు 42 సెంటీమీటర్లు వచ్చింది. వదులు లేకుండా బిగించి లాగేసరికి దారం తనంతట తనే పైకి జరిగింది. హిమాలయాలు, సైబీరియా దాటి, గ్లోబు పైన మేకు కొట్టి ఉండే చోటు పక్కనుంచి అవతలికి దిగి, కెనడా మీదుగా డల్లాస్ చేరింది. ఈసారి 34 సెంటీమీటర్లే. నా గ్లోబు మీద ఒక సెంటీమీటరంటే సుమారు 425 కిలోమీటర్లు. అంటే 14,500 కిలోమీటర్లు.

నేను మళ్ళీ మళ్ళీ లాగి చూశాను. గుంటూరు 80 డిగ్రీల తూర్పున, డల్లాస్ 97 డిగ్రీల పడమట. రెండూ కలిపితే 177. ఇంకో మూడు డిగ్రీలుంటే భూమికి సరిగ్గా ఎదురెదురు గీతల మీద ఉండేవి. అందుకే మా ఊరి నుంచి మా అమ్మాయి ఊరికి సూటి దారి పడమటికి కాదు, నేరుగా ఉత్తరానికి. ఉత్తర ధ్రువానికి రెండు మూడు వందల కిలోమీటర్ల దగ్గర నుంచి వెళ్తుంది. పెళ్ళై వెళ్ళిన దగ్గర్నుంచీ నా కూతురు ఉన్న దిక్కు పడమర అనుకుని రోజూ సాయంత్రం బాల్కనీలో అటే చూసేదాన్ని. ఆ రోజు నుంచి ఉత్తరం వైపు చూడటం మొదలుపెట్టాను.

అయితే ఆ సూటి దారిలో మనకి విమానం లేదు. దుబాయ్ మీదుగా వెళ్తే హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి డల్లాస్ సుమారు 12,900. మొత్తం 15,450. హైదరాబాద్ నుంచి సూటిగా కొలిస్తే 14,400 కాబట్టి చుట్టు తిరిగేది ఒక వెయ్యి కిలోమీటర్లే. పదిహేను వేలలో వెయ్యి పెద్ద లెక్క కాదు.

అసలు కష్టం గుంటూరు నుంచి శంషాబాద్ చేరడంలో వచ్చింది.

గన్నవరం నుంచి హైదరాబాద్‌కి విమానం ఉంది. గాల్లో 260 కిలోమీటర్ల చిల్లర, గంటలోపే దిగేస్తారు. అమ్మాయి మొదట అదే తీస్తానంది. కానీ అది వేరే టికెట్. దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా 15 కిలోల సామానే ఒప్పుకుంటారు. నా దగ్గర 23 కిలోల పెట్టెలు రెండున్నాయి. పైగా జనవరిలో గన్నవరంలో పొగమంచు పడుతుంది. వేరే టికెట్ మీద వెళ్ళి అది ఆలస్యమైతే, అమెరికా విమానం వాళ్ళు మనకోసం ఆగరు, డబ్బూ తిరిగి రాదు. అందుకని కారు మాట్లాడుకున్నాం.

సామాను గురించి ఒక్కమాట. కందిపొడి, శొంఠిపొడి, పురిటి కాయం, గోంగూర పచ్చడి మూడేసి కవర్లలో కట్టి, ఒక్కో పెట్టెనీ వేలాడదీసే త్రాసుతో నాలుగుసార్లు తూచాను. పచ్చి కరివేపాకు, మాంసం పచ్చళ్ళు అమెరికాలోకి రానివ్వరు. మా చెల్లెలు ఎంత చెప్పినా వినకుండా కరివేపాకు రెమ్మలు పెట్టె మూలన దోపింది. నేను తీసి బయట పెట్టేశాను. అక్కడ నిలబెట్టి అడిగితే సమాధానం చెప్పుకోవాల్సింది నేనే కదా.

టికెట్ 18వ తేదీకి తీసేటప్పుడు మేమెవ్వరం ఆలోచించని విషయం ఒకటుంది. అది సంక్రాంతి వెళ్ళిన ఆదివారం. పండక్కి వచ్చిన హైదరాబాద్ వాళ్ళంతా తిరిగి వెళ్ళే రోజు.

పొద్దున 9:30కి ఇంటి తాళం వేశాం. మామూలుగా అయిదున్నర గంటల దారి, మధ్యాహ్నం మూడింటికల్లా ఉంటామనుకున్నాం. కారు నడిపే అబ్బాయి నా దగ్గర చదువుకున్నవాడే. మంగళగిరి దాటి, వారధి దాటి, దుర్గమ్మ కొండకి కారులోంచే దణ్ణం పెట్టుకుని ఇబ్రహీంపట్నం చేరేదాకా బాగానే ఉంది. కంచికచర్ల దగ్గర మొదలైంది. కీసర టోల్‌గేట్‌కి ముందే కార్లు బారులు తీరి ఉన్నాయి. ప్రతి కారు పైన బియ్యం బస్తాలు, అరిసెల డబ్బాలు, కిటికీల్లో నిద్రపోతున్న పిల్లలు. చిల్లకల్లు దగ్గర మరీ ఘోరం. అర కిలోమీటరు జరగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఫాస్టాగ్ ఉన్నా ముందున్న బండి కదిలితేనే కదా.

"టీచర్, మీరు టెన్షన్ పడకండి. సూర్యాపేట దాటితే లాగించేస్తాను" అన్నాడా అబ్బాయి.

సూర్యాపేట దాటింది నాలుగింటికి. ఆ తర్వాత కొర్లపహాడ్ టోల్‌గేట్, మళ్ళీ అదే బారు. నేను ఒళ్ళో పాస్‌పోర్ట్ సంచీ పట్టుకుని గంటలు లెక్కపెడుతూ కూర్చున్నాను. మూడు గంటల ముందు రమ్మన్నారు, అంటే 6:50. కౌంటర్ గంట ముందు మూసేస్తారు, అంటే 8:50. ఇంకా ఎంత దూరం ఉంది, ఏ వేగంతో వెళ్తున్నాం, ఎన్నింటికి చేరతాం? బోర్డు మీద పిల్లల చేత చేయించిన లెక్కే ఇది. అప్పుడు చేతులు వణకలేదు. మా వారు వెనక్కి తిరిగి, "అందకపోతే ఇంకో విమానం ఉంటుందిలే" అన్నారు. ఆయన ధైర్యం చెప్పడానికే అన్నారు. కానీ అమ్మాయికి తొమ్మిదో నెల నిండుతోంది. ఇంకో విమానం మాట నాకు వినబుద్ధి కాలేదు.

చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేట్ దాటుతుంటే ఎదురుగా సూర్యుడు అస్తమించాడు. చేతి గడియారం చూసుకున్నాను, ఆరు. ఆ టైము గుర్తుపెట్టుకోండి, మళ్ళీ చెప్తాను. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కాక దారి ఖాళీగా దొరికింది. శంషాబాద్‌లో దిగేసరికి 7:20. సుమారు 300 కిలోమీటర్లకి 9 గంటల 50 నిమిషాలు. అంటే గంటకి 30 కిలోమీటర్లు.

మీలో ఎవరైనా పండగల ముందూ వెనకా ప్రయాణం పెట్టుకుంటే ముందురోజే హైదరాబాద్ వెళ్ళి ఎవరింట్లోనైనా పడుకోండి. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఆ రోజు నా తర్వాత గంటకి లోపలికి పరుగెత్తుకొచ్చిన ఒక పెద్దాయన్ని చూశాను. చొక్కా అంతా చెమట. ఆయనకి విమానం అందిందో లేదో నాకు తెలీదు.

దుబాయ్‌లో దిగేసరికి వాళ్ళ టైము రాత్రి 12:15. అది మనకంటే గంటన్నర వెనక. అంత పెద్ద విమానాశ్రయంలో నా గేటు ఎటో తెలియక బోర్డు కింద నిలబడి చూస్తుంటే, నేల తుడిచే బండి నడుపుతున్న అబ్బాయి ఆగాడు. నా చీర, బొట్టు చూసి గుర్తుపట్టినట్టున్నాడు. "ఇటు రా పెద్దమ్మా, నీ గేటు ఆ దిక్కున్నది" అన్నాడు. కరీంనగర్ అట. ఆరేళ్ళుగా అక్కడే పని చేస్తున్నాడట. గేటు కనబడేదాకా నడిచి, నేను కూర్చున్నాక వెళ్ళాడు. బ్యాగులో ఉన్న అరిసెలు రెండు తీసి ఇచ్చాను. జేబులో పెట్టుకున్నాడు.

2:40కి పెద్ద విమానం లేచింది. 16 గంటల 20 నిమిషాలు. ఎలా గడుస్తాయా అని నెల రోజులుగా భయపడ్డాను. మా డాక్టర్ గారు మూడు సంగతులు చెప్పి పంపారు. గంటన్నరకోసారి లేచి నడవాలి, కాళ్ళకి బిగుతు మేజోళ్ళు వేసుకోవాలి, దాహం వేయకపోయినా నీళ్ళు తాగాలి. బీపీ మాత్ర సంగతి నేనే అడిగాను. రోజూ పొద్దున 8కి వేసుకుంటాను. పొద్దున్నే రాకపోతే ఎప్పుడు వేసుకోవాలి? ఆయన నవ్వి, దిగేదాకా గుంటూరు టైముకే వేసుకోమని, చేరాక ఎలా మార్చుకోవాలో కాగితం మీద రాసిచ్చారు. మాత్రలు వేసుకునే వాళ్ళంతా బయల్దేరే ముందు మీ డాక్టర్ని ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. అందుకే నా చేతి గడియారాన్ని నేను దారిలో ఎక్కడా మార్చలేదు. విమానంలో అందరూ దుప్పట్లు కప్పుకుని పడుకున్నప్పుడు అది 8 చూపించింది. చీకట్లోనే మాత్ర వేసుకున్నాను. గుంటూరులో ఆ టైముకి మా వారు పేపర్ చదువుతూ ఉంటారనుకున్నాను.

నా ముందున్న తెర మీద పటం పెట్టుకున్నాను. సినిమాలేవీ చూడలేదు. నాకదే సినిమా. విమానం బొమ్మ ఇరాన్ దాటి, యూరప్ మీదుగా పైకి పైకి వెళ్ళింది. గ్రీన్‌లాండ్ వచ్చింది. బయట సున్నాకి దిగువన 50 డిగ్రీలు దాటిన చలి. కిటికీ మూత కొంచెం ఎత్తి చూశాను. కిందంతా చీకటి. పైన నక్షత్రాలు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పలేను. ఎన్నో ఏళ్ళు గ్రీన్‌లాండ్‌ని తెల్ల సుద్దముక్కతో రంగువేసి చూపించాను. ఇప్పుడు దాని మీద ఉన్నాను, కానీ కనబడటం లేదు. చాలాసేపు అలాగే నుదురు అద్దానికి ఆనించి కూర్చున్నాను.

తెల్లవారుతుందేమోనని ఎదురుచూస్తూనే ఉన్నాను. తెల్లవారలేదు. మేం పడమటికి వెళ్తున్నాం, రాత్రి కూడా పడమటికే వెళ్తోంది. చలికాలంలో ఉత్తరాన ఎలాగూ పగలు తక్కువ. రాత్రితో పాటు మేమూ ప్రయాణం చేస్తున్నాం. కెనడా దాటి అమెరికాలోకి దిగాక, ఇంకో గంటన్నరలో విమానం దిగుతుందనగా, ఎడమవైపు కిటికీల్లో ఎర్రటి గీత కనబడింది. తర్వాత సూర్యుడు. గడియారం చూసుకున్నాను. ఏడుకి అయిదు నిమిషాలు తక్కువ. పొద్దున కాదు, గుంటూరు సాయంత్రం. పంతంగి టోల్‌గేట్ దగ్గర అస్తమించిన సూర్యుణ్ణి మళ్ళీ చూడటానికి నాకు దాదాపు 25 గంటలు పట్టింది. నా జీవితంలో అదే అన్నిటికంటే పెద్ద రాత్రి.

వేగం గురించి కూడా చెప్పాలి. 12,900 కిలోమీటర్లకి 16 గంటల 20 నిమిషాలంటే గంటకి 790 కిలోమీటర్లు. విమానం గాలిలో దాదాపు 900 వేగంతో వెళ్తుంది కదా, మిగతాది ఏమైంది? ఎదురుగాలి. అంత ఎత్తులో పడమర నుంచి తూర్పుకి ఒక గాలి నదిలా పారుతుంటుంది. పిల్లలకి జెట్ స్ట్రీమ్ అని చెప్పేదాన్ని. పడమటికి వెళ్ళేటప్పుడు అది మనకి ఎదురు, తిరిగి వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. ఏప్రిల్‌లో నేను తిరిగొచ్చినప్పుడు అదే డల్లాస్ నుంచి దుబాయ్‌కి 14 గంటల 40 నిమిషాలే పట్టింది. ఊళ్ళు మారలేదు, దూరం మారలేదు, గంటా నలభై నిమిషాలు తగ్గింది. మా అల్లుడు ఇంకో సంగతి చెప్పాడు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళే విమానాన్ని అట్లాంటిక్ వైపు కాకుండా పసిఫిక్ వైపు తిప్పిందట. ఆ దారి 15,300 కిలోమీటర్లు, పాత దారి కంటే 1,400 ఎక్కువ. అయినా గాలి వాలుకి వెళ్ళడం వల్ల పద్నాలుగున్నర గంటల్లో చేరింది, రెండు గంటలు కలిసొచ్చాయి. మా క్లాసులో ఈ లెక్క ఇచ్చి ఉంటే పిల్లలు దూరానికి, కాలానికి ఉన్న సంబంధం ఎంత బాగా నేర్చుకునేవాళ్ళో అనిపించింది.

డల్లాస్‌లో ఇమిగ్రేషన్ అంతా అరగంటలో అయిపోయింది. ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళుంటావు అని అడిగారు. తిరుగు టికెట్ చూపించాను, ఆరు నెలలకి ముద్ర వేశారు. పెట్టెల కోసమే ఎక్కువసేపు నిలబడ్డాను. ఆ విమానాశ్రయం న్యూయార్క్‌లోని మన్‌హాటన్ కంటే పెద్దదట. బయటికి రాగానే అమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. "అమ్మా, బాగా అలసిపోయావా?" అంది. తనని చూశాక అలసట మాటే గుర్తు రాలేదు.

ఇల్లు చేరి మా వారికి ఫోన్ చేసేసరికి గుంటూరులో రాత్రి 10:45. పడుకోకుండా కూర్చున్నారు.

"మొత్తం ఎంతసేపు పట్టిందే?" అన్నారు.

అరండల్‌పేటలో తాళం వేసిన దగ్గర్నుంచి లెక్కపెట్టాను. 37 గంటల పావు. అందులో విమానం గాల్లో ఉన్నది 20 గంటల పావు. మిగతా 17 గంటలు రోడ్డు మీద, క్యూల్లో, కుర్చీల్లో గడిచాయి. ఎవరైనా మిమ్మల్ని అడిగితే విమానం గంటలు చెప్పకండి, ఈ 37 చెప్పండి. మందులు, తిండి, ఓపిక, అన్నీ దాన్ని బట్టి సర్దుకోవాలి.

ఎనిమిది రోజులకి మనవరాలు పుట్టింది. జనవరి 27, రాత్రి 9:10. ఆస్పత్రి కారిడార్లోంచి ఫోన్ చేస్తే మా వారు అప్పుడే స్నానం చేసి వచ్చారు. అక్కడ 28, పొద్దున 8:40. వెంటనే సిద్ధాంతి గారికి ఫోన్ చేసి మన టైము చెప్పారట. ఆయన ఒప్పుకోలేదు. "పుట్టిన ఊరి టైము, ఆ ఊరి అక్షాంశం, రేఖాంశం చెప్పండి. లగ్నం ఆ నేలని బట్టే కట్టాలి" అన్నారట. మా వారు మళ్ళీ నాకే ఫోన్ చేశారు. ఆస్పత్రి బల్ల మీద కూర్చుని, పసిదాని ఏడుపు తలుపులోంచి వినబడుతుండగా చెప్పాను, ఆయన రాసుకున్నారు. 32 డిగ్రీల 47 నిమిషాలు ఉత్తరం. 96 డిగ్రీల 48 నిమిషాలు పడమర.